మందు బాగుంది, తలుపే ఇరుకు: ఉమ్మడి నల్గొండ, పాలమూరు హెచ్ఐవి సేవలపై సమీక్ష

ముందు మార్కులు. మందులకు 5కు 5. పరీక్షకు 4. గుట్టు కాపాడటానికి రెండున్నర. పని వేళలకు 2. హిజ్రాలతో నడుచుకునే తీరుకు 2, అదీ కొంత దయతలచి.

ఇక్కడ చూస్తున్నది ఒక్క దవాఖానానో ఒక్క సంస్థనో కాదు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65వ నంబరు హైవే ఒకటి. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటి అలంపూర్ చౌరస్తాకు దిగే 44వ నంబరు హైవే ఇంకొకటి. ఈ రెండు దారుల పక్కన సెక్స్ వర్కర్లు, హిజ్రాలు, మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లు (ఎంఎస్ఎం), లారీ డ్రైవర్లు, వలస కూలీల కోసం సర్కారు డబ్బుతో నడిచే సేవలన్నీ కలిపి చూస్తున్నాం. స్వచ్ఛంద సంస్థలు నడిపే టీఐ ప్రాజెక్టులు (వీళ్లలో హెచ్ఐవి సోకకుండా చూసేవి), వాటి డ్రాప్ ఇన్ సెంటర్లు (వచ్చి కూర్చుని సాయం అడిగే చోట్లు), సర్కారు దవాఖానాల్లో హెచ్ఐవి సలహా, పరీక్ష జరిగే ఐసీటీసీ గది, అక్కడి నుంచి హెచ్ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ దాకా ఇదంతా ఒకే గొలుసు. ఏ సెంటర్ పేరూ రాయడం లేదు. అడ్రసు అచ్చయిందంటే రేపు ఆ మెట్లెక్కే ప్రతి మనిషినీ ఊరు వేలెత్తి చూపిస్తుంది.

దేశ సగటుతో పోలిస్తే తెలంగాణలో హెచ్ఐవి ఎక్కువ. కాబట్టి ఈ సేవ ఎలా నడుస్తోందన్నది చిన్న విషయమేమీ కాదు. కాయితాల మీద ఆడవాళ్ల ఇబ్బందులకు, ట్రాన్స్‌జెండర్ల ఇబ్బందులకు చోటుంది. శిక్షణలో 'జెండర్' మీద ఒక పూట క్లాసు కూడా ఉంటుంది. ఆ క్లాసులో విన్నది గడియారంలో, గది గడియలో, గోళీల డబ్బాలో ఎంత కనిపిస్తోందన్నదే ఇక్కడ చూసింది.

డ్రాప్ ఇన్ సెంటర్‌తో మొదలుపెడదాం. పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా తీసి ఉంటుంది. ఆఫీసుకైతే మంచి టైమే. ఇంటి నుంచి పనిచేసే ఆడమనిషికి పిల్లలు బడికి పోయాక వంట, బట్టలు తెమిలేసరికి 11 దాటుతుంది, మూడున్నరకల్లా మళ్లీ ఇంట్లో ఉండాలి. లాడ్జీలు, డాబాల దగ్గర పనిచేసేవాళ్లు 11 దాకా నిద్రలో ఉంటారు, ఆరు తర్వాత పనిలో ఉంటారు. హిజ్రాలు పొద్దున పూట దుకాణాల వసూళ్లకు పోతారు. అంటే పనికొచ్చే టైము 11 నుంచి 3. సరిగ్గా అప్పుడే స్టాఫ్ రిపోర్టులు రాసుకుంటూ, అన్నం తింటూ ఉంటారు. డాక్టరు వచ్చే రోజును 11కు మొదలుపెట్టి, వారంలో ఒక్క సాయంత్రం 7 దాకా తలుపు తీసి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది, అయినా ఎక్కువచోట్ల జరగలేదు.

చోటు ఎంపికలోనూ ఇదే లెక్క. ఊరి చివర విడిగా ఉన్న ఇంట్లో గుట్టు ఉంటుందనుకుంటారు, కానీ అటు పోయే ఆడమనిషి ఎందుకు పోతోందో వీధంతా చూస్తుంది. టైలర్ షాపు, గాజుల దుకాణం, జిరాక్స్ సెంటర్ ఉన్న కాంప్లెక్సులో మొదటి అంతస్తు నయం. "ఎటు పోయినవ్?" అని ఇంట్లో అడిగితే నోట్లో ఒక జవాబు సిద్ధంగా ఉండాలి కదా. బోర్డు మీద ఎయిడ్స్ అన్న మాట వద్దు, ఎర్ర రిబ్బను బొమ్మ అసలే వద్దు. బాత్రూముకు లోపలి గడియ, నీళ్లు, ఒక అద్దం, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి. నెలసరి రోజుల్లో వచ్చే మనిషికి ఆ బుట్ట కావాలి. కొన్నిచోట్ల పోస్టర్లు ఐదు రంగుల్లో ఉంటాయి, గడియ మాత్రం ఊడి ఉంటుంది.

సేవకు ప్రాణం పీర్ ఎడ్యుకేటర్, అంటే తోటివాళ్లకు తెలియజెప్పే మనిషి. 60 మందికి ఒకరు చొప్పున, ఆ వృత్తిలో ఉన్నవాళ్లలోంచే తీసుకుంటారు. ఆలోచన బాగుంది. తప్పు జరిగేది ఎంపికలో. బాగా మాట్లాడుతుంది, అందరూ తెలుసు అని ఏరి పెట్టిన మనిషి ఒక్కోసారి గిరాకీలు కుదిర్చే మధ్యవర్తి అయి ఉంటుంది. ఆమె కింద ఉన్న ఆడమనిషి తన దెబ్బల గురించీ, కండోమ్ వద్దన్న కస్టమర్ గురించీ ఆమెకే ఎలా చెబుతుంది? ఎంపికకు ముందు ఆ 60 మందిలో పదిమందిని విడివిడిగా కూర్చోబెట్టి "రాత్రి పదింటికి కష్టమొస్తే నువ్వు ఎవరికి ఫోన్ చేస్తవ్?" అని అడగాలి. ఎక్కువ నోళ్లలో వచ్చిన పేరే సరైన పేరు.

ఫోన్ సంగతి కూడా తేల్చుకోవాలి. ఆడవాళ్ల చేతిలో ఉన్న ఫోన్ చాలాసార్లు ఇంట్లో అందరి ఫోన్. "అక్కా, నీ పరీక్ష టైమైంది" అన్న మెసేజ్ మొగుడో కొడుకో చదువుతాడు. నమోదు చేసేటప్పుడే మూడు అడిగి రాసుకోవాలి: ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ టైములో చేయాలి, వేరేవాళ్లు ఎత్తితే ఏమని చెప్పాలి. చీరల చీటీ అనో, సంఘం మీటింగ్ అనో ముందే మాట్లాడుకున్న మాట ఒకటుండాలి. వాట్సాప్ గ్రూపులో కలపడం పెద్ద పొరపాటు, ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది. ఒక్కొక్కరికి విడిగా పోయే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడాలి.

రిజిస్టరులో మనిషికి ఒకటే గడి. సెక్స్ వర్కర్, ఎంఎస్ఎం, ట్రాన్స్‌జెండర్, ట్రక్కర్, వలస కూలీ, వీటిలో ఏదో ఒకటి. అడ్డా మీద కూలీకి నిలబడి, పని దొరకని రోజు వేరే దారి చూసుకునే ఆడమనిషిని వలస కూలీ కింద రాస్తే, ఆమెకు అందేవి మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారు చేసిన మాటలు. లోపలి పరీక్ష (గర్భాశయ ముఖం దాకా చూసేది) ఆమె వంతుకు రానే రాదు. గడి ఒకటే అయినా పక్కన ఒక గీత గీసి రెండో విషయం రాసుకోమని, బయట తిరిగి వీళ్లను కలిసే ఔట్‌రీచ్ వర్కర్‌కు చెప్పడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు.

కండోమ్ లెక్కలో ఒక బొక్క ఉంది. వారానికి ఎంతమంది కస్టమర్లు అని అడిగి, నాలుగుతో గుణించి, ఇప్పుడు ఇస్తున్నదానితో పోల్చి తక్కువైనవి ఇస్తారు. వారానికి 8 మంది అంటే నెలకు 32, చిరిగేవాటికి, జారేవాటికి ఇంకో నాలుగు. ఈ లెక్కలో ఇంటి మనిషి లేడు. డబ్బిచ్చేవాడితో కండోమ్ వాడే ఆడమనిషి మొగుడితోనో, నమ్మకంగా ఉంచుకున్నవాడితోనో వాడదు. వాడమంటే "నన్ను అనుమానిస్తున్నవా, నువ్వే ఎక్కడ తిరిగొచ్చినవ్?" అంటాడు. జబ్బు ఆ సందులోంచి కూడా దూరుతుంది. కౌన్సెలింగ్‌లో కస్టమర్‌తో ఎలా మాట్లాడాలో నేర్పుతారు, ఇంట్లో ఎలా మాట్లాడాలో నేర్పరు. 'పిల్లలు ఇప్పుడే వద్దని డాక్టరమ్మ చెప్పింది', 'నాకు తెల్లబట్ట అవుతోంది, నీకు అంటుకుంటుంది' లాంటి సాకులు ఇంట్లో చెల్లుతాయి. అలాంటి నాలుగు మాటలు జతగా కూర్చుని అప్పజెప్పించుకోవాలి.

నిల్వ విషయంలో ఈ జిల్లాల ఎండ కనికరించదు. మేలో రేకుల షెడ్డులోనో, లారీ క్యాబిన్‌లోనో పెట్టిన కార్టన్లలో రబ్బరు పాడవుతుంది. ప్యాకెట్టును వేళ్ల మధ్య నొక్కితే లోపల గాలి బుడగ జారాలి. జారకపోతే ఎక్కడో చిల్లు పడ్డట్టే, పారేయాలి. కొబ్బరినూనె, వాజలీన్, బాడీ లోషన్ రాస్తే కండోమ్ నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. నీళ్లతో కడుక్కుంటే పోయే లూబ్రికెంట్ ఒక్కటే వాడాలి. హిజ్రాలకు, ఎంఎస్ఎంలకు కండోమ్‌తో పాటు ఇది కూడా అందాలి. కానీ లూబ్ స్టాకు నిండుకున్న నెలల్లో కండోమ్ ఒక్కటే చేతిలో పెట్టి పంపుతారు. మిగతాది కొబ్బరినూనె సీసా పూర్తి చేస్తుంది.

ఇంకో భయం పోలీసులది. సంచిలో కండోమ్‌లు దొరికితే అదే సాక్ష్యమని బెదిరిస్తారు. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో ఇచ్చిన ఆదేశాల్లో ఈ సంగతి ఉంది: సెక్స్ వర్కర్లు తమ ఆరోగ్యం కోసం వాడే కండోమ్ లాంటివాటిని నేరంగానూ, నేరానికి సాక్ష్యంగానూ చూడకూడదు. ఈ ఒక్క వాక్యాన్ని తెలుగులో అచ్చు వేయించి ప్రతి పీర్ ఎడ్యుకేటర్ సంచిలో, ప్రతి స్టేషన్ రైటర్ టేబుల్ మీద పెట్టాలి. మంచి ప్రాజెక్టులు ఆరు నెలలకోసారి స్టేషన్‌కు పోయి ఎస్సైతో కూర్చుంటాయి. ఎస్సైలు బదిలీ అవుతూనే ఉంటారు, కాబట్టి ఒక్కసారి చెప్పి వదిలేస్తే లాభం లేదు.

ఇప్పుడు క్లినిక్. ఇక్కడ కాస్త ఆగాలి. సుఖవ్యాధులకు రంగురంగుల కిట్లుంటాయి. బూడిద రంగు కిట్టులో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. ఆకుపచ్చ దాంట్లో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150. తెల్ల దాంట్లో 24 లక్షల యూనిట్ల బెంజాథైన్ పెన్సిలిన్ సూది, అజిత్రోమైసిన్. పెన్సిలిన్ పడనివాళ్లకు నీలం. హెర్పిస్ పుండ్లకు ఎరుపు, అందులో ఎసైక్లోవిర్. పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో గడ్డకు నలుపు. లక్షణం చూసి రంగు ఇవ్వడం, ల్యాబు దూరంగా ఉన్న ఊళ్లకు బాగా పనికొచ్చే పద్ధతి.

కానీ ఈ పద్ధతి మగవాడి శరీరానికి కుదిరినంత బాగా ఆడమనిషికి కుదరదు. గనేరియా వస్తే మగవాడికి మంట పుట్టి, చీము కారి దవాఖానాకు పరుగెత్తిస్తుంది. ఆడమనిషిలో గనేరియా, క్లమీడియా చాలాసార్లు ఏ గుర్తూ లేకుండా గర్భాశయ ముఖం దగ్గర కూర్చుంటాయి. లక్షణం కోసం కూర్చుంటే ఆమె ఎప్పటికీ రాదు. మొదటిసారి వచ్చిన సెక్స్ వర్కర్‌కు లక్షణం లేకున్నా బూడిద కిట్టు ఇవ్వాలన్న నియమం, మూడు నెలలకోసారి లోపలి పరీక్ష చేయాలన్న నియమం ఇందుకే పెట్టారు. ఆ పరీక్ష ఎలా జరుగుతోందో చూస్తే సెంటర్ నాణ్యత సగం తెలిసిపోతుంది.

చూడాల్సినవి ఇవి. పరీక్ష బల్ల తలుపుకు ఎదురుగా ఉందా, పక్కకు తిప్పి ఉందా. కర్టెన్ నేలదాకా ఉందా, మోకాలి దాకానే ఉందా. మగ డాక్టరైతే పక్కన ఏఎన్ఎమ్మో, కౌన్సెలర్ అక్కో నిలబడి ఉందా. స్పెక్యులంలు (లోపల చూడటానికి పెట్టే పరికరాలు) ఎన్ని? క్లినిక్ రోజున 12 మంది వచ్చే చోట నాలుగే ఉంటే, ఒక్కోటి బ్లీచింగ్ ద్రావణంలో 10 నిమిషాలు నానబెట్టి, కడిగి, 20 నిమిషాలు మరగబెట్టి, చల్లార్చేసరికి అరగంట దాటుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు. అప్పుడు జరిగేదేమిటంటే, "తెల్లబట్టా అమ్మా?" అని బల్ల అవతలి నుంచే అడిగి ఆకుపచ్చ కిట్టు చేతిలో పెడతారు. తెల్లబట్ట యోని వాపువల్లా, గర్భాశయ ముఖం వాపువల్లా అన్నది చూడకుండా తెలియదు. రెండోదైతే కావాల్సింది బూడిద రంగు. ఆమె ఇంటికి పోయి గోళీలు మింగుతుంది, లోపలి జబ్బు అలాగే ఉంటుంది, రిజిస్టరులో మాత్రం చికిత్స అయిపోయింది.

పసుపు కిట్టు దగ్గర ఇంకో పొరపాటు. అందులో డాక్సీసైక్లిన్ ఉంది, గర్భిణికి ఇవ్వకూడదు. నీలం, నలుపు కిట్లలోనూ అదే ఉంది. చివరి నెలసరి ఎప్పుడని అడిగి, అనుమానముంటే మూత్రపరీక్ష స్ట్రిప్పు వేసి చూశాకే కిట్టు తెరవాలి. ఆకుపచ్చ కిట్టు ఇస్తూ చెప్పాల్సిన మాట కల్లు గురించి. సెక్నిడజోల్ వేసుకున్నాక రెండు రోజులు కల్లు గానీ వేరే మద్యం గానీ ముట్టకూడదు. ముడితే వాంతులు, గుండె దడ. పాలమూరులో సాయంత్రం కల్లు అన్నంతో సమానం. ఈ మాట చెప్పకపోతే 'ఆ గోళీలు పడలేదు' అని మిగతా అరవైమందికి వార్త పాకుతుంది.

సిఫిలిస్ పుండుకిచ్చే తెల్ల కిట్టు చాలాచోట్ల అల్మారాలోనే ఉండిపోతుంది. పెన్సిలిన్ వికటిస్తుందన్న భయంతో టీఐ క్లినిక్‌లో సూది వేయరు, పెద్ద దవాఖానాకు పొమ్మంటారు. పుండు నొప్పి లేనిదైతే ఆమె పోదు. సిఫిలిస్ పుండు సాధారణంగా నొప్పి ఉండదు, దానంతటదే మానిపోయినట్టు కనిపిస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది. అడ్రినలిన్ ఉన్న అత్యవసర మందుల ట్రే, సూది వేశాక అరగంట కూర్చోబెట్టుకునే నర్సు ఉంటే చాలు. లేదా ఔట్‌రీచ్ వర్కర్ వెంటబెట్టుకుని పోవాలి. చీటీ రాసి పంపడం రెఫరల్ కింద లెక్కలోకి వస్తుంది, చికిత్స కింద రాదు.

భాగస్వామికి మందు ఇవ్వడం కూడా అంతే. "ఇది మీ ఆయనకివ్వండి" అని కిట్టు చేతిలో పెడితే, ఆ రంగు డబ్బా ఇంట్లో బాంబు. ముందు ఆమెనే అడగాలి: ఇస్తే వేసుకుంటాడా, కొడతాడా? కొడతాడంటే, లారీ డ్రైవర్లకో కూలీలకో పెట్టే క్యాంపుకు అతన్ని వేరే దారిలో రప్పించాలి.

పరీక్ష విషయానికొస్తే మెచ్చుకోవాల్సింది ఎక్కువ. ఆరు నెలలకోసారి హెచ్ఐవి, సిఫిలిస్ రెండూ చూస్తారు, ఉచితం. హాట్‌స్పాట్‌ (వాళ్లు పనికి నిలబడే చోటు) దగ్గరే వేలి మీద గుచ్చి చేసే స్క్రీనింగ్ వచ్చాక రోజు కూలీ పోగొట్టుకునే బాధ తప్పింది. గుర్తుంచుకోవాల్సింది ఒకటి. ఆ స్క్రీనింగ్‌లో పాజిటివ్ గీత వచ్చినంత మాత్రాన హెచ్ఐవి ఉన్నట్టు కాదు. ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూసి, మూడూ కలిస్తేనే నిర్ధారణ. నిర్ధారణ అయ్యేదాకా పీర్ ఎడ్యుకేటర్ నోరు జారకూడదు. స్క్రీనింగ్ రోడ్డు పక్కన గొడుగు కింద చేస్తే, ఎవరిని తర్వాత ఆటో ఎక్కించి దవాఖానాకు తీసుకుపోయారో చూసేవాళ్లకు అంతా అర్థమవుతుంది. అందుకే నెగెటివ్ వచ్చిన ఇద్దరు ముగ్గురిని కూడా ఏదో పని మీద అదే ఆటోలో ఎక్కించుకుపోయే సెంటర్లున్నాయి. తెలివైన పని.

గర్భిణులకు అందరికీ పరీక్ష చేస్తారు. మంచిదే. దాని పక్కనే ఒక అన్యాయం నడుస్తుంది. ఇంట్లో మొదట పరీక్ష అయ్యేది ఆమెకే, కాబట్టి జబ్బు తెచ్చింది ఆమేనని అత్తింట్లో తీర్పు అయిపోతుంది. మొదటి చెకప్ రోజునే మొగుణ్ణి కూడా పిలిచి, ఇద్దరి రక్తం ఒకేసారి తీస్తే ఆ మాట సగం తగ్గుతుంది. 'బీపీ, షుగర్ కూడా చూస్తాం' అని పిలిస్తే మగవాళ్లు వస్తారు.

పాజిటివ్ అని తేలాక భాగస్వాములను వెతికి పరీక్ష చేయించే పనికి టార్గెట్లున్నాయి. ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం (2017లో చేసింది) 9వ సెక్షన్‌లో దీన్ని స్పష్టంగా రాశారు. భాగస్వామికి చెప్పగలిగేది డాక్టరో కౌన్సెలరో మాత్రమే. అదీ ముందు ఆ మనిషికి నచ్చజెప్పి, తాను చెప్పబోతున్నట్టు తెలియజేశాకే. ఆడమనిషి విషయంలో ఇంకో అడ్డుగోడ ఉంది. చెబితే ఆమెకో, పిల్లలకో, తల్లిదండ్రులకో దెబ్బలు తగులుతాయని, ఆమెను వదిలేస్తారని, మనసుకో ఒంటికో తీవ్ర హాని జరుగుతుందని సహేతుకమైన భయముంటే చెప్పనే కూడదు. చాలామంది కౌన్సెలర్లకు మొదటి సగం తెలుసు, రెండో సగం తెలియదు. లెక్క నింపుకోవడానికి మొగుడికి ఫోన్ చేయబోయే ముందు ఆ పేజీ ఒకసారి చదవాలి.

ఏఆర్‌టీ మందుకు పూర్తి మార్కులు ఎందుకంటే, ఇప్పుడు రోజుకు ఒకటే గోళీ. టెనొఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యుటెగ్రావిర్ 50, మూడూ కలిపిన టీఎల్‌డీ. 2017 నుంచి సీడీ4 (రోగాన్ని ఎదిరించే కణాల లెక్క) ఎంతున్నా వెంటనే మొదలుపెడుతున్నారు. ఆరు నెలలకు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష), పన్నెండో నెలకు ఇంకోసారి, తర్వాత ఏడాదికోసారి. ఇదంతా ఉచితం.

గర్భిణికి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ఐరన్ గోళీ, కాల్షియం గోళీ ఖాళీ కడుపుతో టీఎల్‌డీతో కలిస్తే డోల్యుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. టీఎల్‌డీ వాటికి 2 గంటలు ముందో, 6 గంటలు తర్వాతో వేసుకోవాలి, లేదా అన్నంతో కలిపి వేసుకోవాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఐరన్, రాత్రి 9కి టీఎల్‌డీ అంటే గుర్తుండిపోతుంది. రెండో కాల్షియం గోళీ రాత్రికి పడితే రెండూ అన్నంతోనే వేసుకోవాలి. ఐరన్ ఇచ్చేది ఏఎన్ఎం, టీఎల్‌డీ ఇచ్చేది ఏఆర్‌టీ ఫార్మసీ. ఇద్దరూ ఎవరి మాట వాళ్లు చెప్తారు, మధ్యలో ఈ సంగతి జారిపోతుంది. పుట్టిన బిడ్డకు నెవిరపిన్ సిరప్ కనీసం 6 వారాలు, రక్తపరీక్ష 6 వారాలకు, 6 నెలలకు, 12 నెలలకు, ఆఖరిది 18 నెలలకు.

గోళీల డబ్బా గురించి కూడా చెప్పాలి. ప్లాస్టిక్ డబ్బాలో 30 గోళీలు, నడిస్తే గలగలమంటాయి. బస్సులో, బీరువాలో, చీరల మడతల్లో ఎక్కడ పెట్టినా ఆ చప్పుడు పట్టిస్తుంది. చాలామంది గోళీలను కాయితంలోకో, విటమిన్ల సీసాలోకో మారుస్తారు. అసలు డబ్బాలో తేమ పీల్చే చిన్న సంచి ఉంటుంది, అది లేకుండా వానాకాలంలో గోళీలు మెత్తబడతాయి. డబ్బా మార్చకుండా, లోపల శుభ్రమైన పొడి దూది ఒక ఉండ కుక్కి, పైన లేబుల్ పీకేస్తే చప్పుడూ ఉండదు, పేరూ ఉండదు. పీకే ముందు ఎక్స్‌పైరీ తేదీ మూత అడుగున పెన్నుతో రాసుకోవాలి. ఈ చిట్కా కౌన్సెలర్లు చెప్పాలి. చెప్పేది ఎక్కువగా పేషెంట్లే.

దూరం సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్ లేదు. ఏ ఆరోగ్య పథకమూ ఇవ్వలేని సాయం ఇది. చేతిలో డబ్బు లేక మందు మానేసే పరిస్థితి తగ్గడానికి బాగా పనికొచ్చేదే. కానీ అదే బస్సులో ఊరివాళ్లందరూ ఉంటారు, దవాఖానా స్టాపులో దిగితే చూస్తారు. అందుకే గద్వాల, నారాయణపేట వైపువాళ్లు కొందరు కర్నూలుకో, రాయచూరుకో పోతారు. సరిహద్దు దాటితే ఉచిత బస్సు ఉండదు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇవ్వొచ్చు. అడగాలి. అడగనిదే ఇవ్వని కౌంటర్లున్నాయి. దసరాకో ఉగాదికో ఇంటికొచ్చి మళ్లీ పూణే, ముంబయి పనులకు పోయే పాలమూరు కూలీలకు ఇది తప్పనిసరి. ఏఆర్‌టీ సెంటర్ ఇచ్చే ఆకుపచ్చ పుస్తకం వెంట తీసుకుపోతే వేరే రాష్ట్రంలోనూ మందు దొరుకుతుంది. మేస్త్రీ చేతికి మాత్రం ఆ పుస్తకం పోకూడదు.

హిజ్రాల విషయంలో వెనకబాటు ఓపీ చీటీ దగ్గరే మొదలవుతుంది. ఆధార్‌లో మగ పేరు, మనిషి చీరలో. కిటికీ దగ్గర అందరూ వినేలా ఆ పాత పేరు పిలిస్తే మళ్లీ రాదు. టోకెన్ నంబరుతో పిలవడమే మందు. బస్సులో జీరో టికెట్ అడిగినా ఇదే గొడవ. ట్రాన్స్‌జెండర్ల 2019 చట్టం కింద నేషనల్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే కలెక్టర్ గుర్తింపు సర్టిఫికెట్ ఇస్తారు. ప్రతి టీఐలో నెలకు ఒక రోజు ల్యాప్‌టాప్ పెట్టుకుని ఈ దరఖాస్తులు నింపిస్తే సగం తగాదాలు తీరుతాయి. హార్మోన్లతో ఏఆర్‌టీ పడదని భయపడి గోళీలు మానేసేవాళ్లున్నారు. డోల్యుటెగ్రావిర్‌కు ఈస్ట్రోజన్‌తో చెప్పుకోదగ్గ తగాదా లేదు. ఈ ఒక్క మాట డాక్టరు నోటి నుంచి రావాలి. ఇంకోటి, చేలాలను (శిష్యులను) పిలిచే ముందు గురువుతో మాట్లాడాలి. గురువు ఒప్పుకోని క్యాంపుకు ఎవరూ రారు, ఒప్పుకుంటే ఇంటిల్లిపాదీ ఒకేసారి వస్తారు.

నారాయణపేట, మక్తల్ వైపు జోగినీలను సెక్స్ వర్కర్ల జాబితాలోకి ఎత్తేయడం ఈ సేవలో చాలాకాలంగా ఉన్న మొరటుతనం. దేవుడికి వదిలే ఆచారాన్ని 1988 చట్టం నిషేధించింది. ఇప్పుడున్న పెద్ద వయసు జోగినీల్లో చాలామంది కూలీ పనే చేసుకుంటారు. వాళ్లకు కావాల్సింది గర్భాశయ ముఖ క్యాన్సర్ పరీక్ష, పింఛను, పిల్లల బడి కాయితాల్లో తండ్రి పేరు గొడవ తీరడం. హెచ్ఐవి ఉన్న ఆడవాళ్లకు ఆ క్యాన్సర్ పరీక్ష 25 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలని డబ్ల్యూహెచ్ఓ చెబుతోంది. ఏఆర్‌టీ సెంటర్ నుంచి గైనిక్ ఓపీకి నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులూ వెంట నడిపించే మనిషి ఉండరు.

దెబ్బలు, బలాత్కారం జరిగినప్పుడు ఏం చేయాలో ప్రాజెక్టు గోడల మీద పెద్దగా కనిపించదు. సెక్స్ వర్కర్ మీద జరిగినా అది బలాత్కారమే. వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా పెద్ద దవాఖానాలో పీఈపీ (హెచ్ఐవి సోకకుండా ఆపే) మందు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా గోళీ కూడా అప్పుడే అడగాలి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సఖి సెంటర్ వాళ్లు తోడొస్తారు. వివక్ష చూపిన దవాఖానా మీద హెచ్ఐవి చట్టం కింద అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విని ఆదేశమిచ్చే అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు, 30 రోజుల్లో తేల్చాలి, అత్యవసర వైద్యమైతే 24 గంటల్లో తేల్చడం మేలని చట్టంలో ఉంది. 20 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే వైద్య సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ పేరు గోడ మీద రాసి ఉందా అని వెళ్లినప్పుడు చూడండి.

మొదటిసారి వెళ్లేవాళ్లు 1097కు ఫోన్ చేసి దగ్గరి ఐసీటీసీ ఎక్కడో కనుక్కోవచ్చు, ఫోన్ ఉచితం, పేరు చెప్పక్కరలేదు. సోమవారం రద్దీ ఎక్కువ, మంగళ, బుధవారాలు నయం. అజిత్రోమైసిన్ ఖాళీ కడుపులో తిప్పుతుంది కాబట్టి ఏదైనా తిని పోవాలి. ఆధార్ జిరాక్స్ ఒకటి, బస్సుకు ఒరిజినల్, చివరి నెలసరి తేదీ, వాడుతున్న గోళీల పట్టీలు, డబ్బా కోసం కాస్త దూది వెంట ఉండాలి.